ఎడారికి పోయేవాళ్లకు మొదటి రెండు వారాలు



కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఏ ఊరికి పోయినా దుబాయి పోయొచ్చిన మనిషి ఒకరన్నా ఎదురవుతారు. సౌదీకి పోయినా, మస్కట్‌కు పోయినా, కువైట్‌కు పోయినా మన ఊళ్లల్లో అది దుబాయి పోవుడే. కొత్తగా బయలుదేరే పిల్లవాణ్ని పట్టుకుని "అక్కడ ఎండలు బాగా ఉంటయట గదా, తట్టుకుంటవా?" అని అడగండి. చాలామంది ఒకటే జవాబు చెబుతారు. "రామగుండం ఎండల పుట్టి పెరిగినోణ్ని, నాకు ఎండ కొత్తనా?" అంటారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ఒక్క మాట గురించే.

మన ఎండ తక్కువదని నేననను. మే నెలలో రామగుండంలో, ఆదిలాబాద్‌లో 45 డిగ్రీలు దాటిన రోజులు మనందరం చూసినవే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇంత ఎండలో తరతరాలుగా మనం ఎట్లా బతుకుతున్నాం? మన రోజును ఎండకు తగ్గట్టు మలుచుకుని బతుకుతున్నాం. మబ్బుల లేచి పొలం కాడికి పోతాం, పొద్దెక్కేసరికి ఇంటికి మళ్లుతాం. ఉపాధి హామీ పనికి పోయే ఆడవాళ్లు ఎండాకాలంలో పది, పదకొండు కొట్టేసరికి గడ్డపారలు సర్దుకుంటారు. పగటీలి వేపచెట్టు కిందనో, తాటికమ్మల పందిరి కిందనో నడుం వాలుస్తాం. పొద్దున్నే జొన్న గటుకలో సల్ల పోసుకుని ఉల్లిగడ్డ నంజుకుంటాం. రంజన్‌లో నీళ్లు, నెత్తికి రుమాలు, రాత్రికి డాబా మీద పడక. పానం బాగలేకుంటే ఆ పూట పని బంద్ పెడతాం, అడిగేవాళ్లెవరూ ఉండరు.

మనల్ని ఇన్నాళ్లు కాపాడింది ఈ పద్ధతి. విమానమెక్కేటప్పుడు మన ఒళ్లు మన వెంట వస్తుంది, ఈ పద్ధతి మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది. అక్కడ పని గంటలు కంపెనీ చెప్పినట్టు నడుస్తాయి. పడక ఆరుగురితోనో ఎనిమిది మందితోనో కలిసి ఒకే గదిలో. పొద్దున నాలుగింటికో ఐదింటికో క్యాంపు ముందర బస్సు నిలబడుతుంది. చెట్టు నీడ దొరకడం అరుదు. ఇక్కడ మనకు తెలియకుండానే దొరికిన ప్రతి రక్షణనూ అక్కడ మనంతట మనమే ఒక్కొక్కటిగా తిరిగి ఏర్పాటు చేసుకోవాలి. అది ఎట్లానో పోయేముందు చెప్పేవాళ్లు తక్కువ. వీసా ఎంతకు వచ్చింది, జీతం ఎన్ని దిర్హాములు, ఏజెంటు ఎవరు అన్నవే నడుస్తాయి మన మాటల్లో.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాలు కట్టే పని ఊపందుకుంది. కరువుకు బావులెండిన రైతులు, మగ్గం మీద బతుకు సాగని నేతన్నలు అప్పట్నుంచే పోవడం మొదలుపెట్టారు. ఆ తొలి తరం బొంబాయి దాకా పోయి, అక్కడ నెలలకు నెలలు వీసా కోసం ఎదురుచూసి ఎక్కినవాళ్లు. ఇప్పుడు శంషాబాద్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి ఎడారిలో దిగుతున్నారు. ప్రయాణం సులువైంది, మంచిదే. కాకపోతే ఒంటికి మాత్రం సర్దుకునే వ్యవధి అసలే లేకుండా పోయింది.

ఈ సర్దుకోవడమనేది మనసుకు సంబంధించినది మాత్రమే అనుకోకండి. ఒంట్లో నిజంగా మార్పులు జరుగుతాయి. కొత్త ఎండలో రోజూ కొంతసేపు పని చేస్తూ పోతే మొదటి వారంలోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. చెమట ముందుకన్నా తొందరగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువగా పోతుంది. అదే పనికి గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. ఇదంతా పూర్తి కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎంత బలమైన మనిషికైనా ఈ గడువు తప్పదు. మీసం మెలేసినంత మాత్రాన ఒక్క రోజు కూడా తగ్గదు.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది కూలీల చావుల వల్లనే. 1920లలో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో, భూమి లోతున ఉక్కకు, వేడికి కొత్తగా దిగిన కార్మికులు వడదెబ్బతో కూలిపోయారు. అక్కడి డాక్టర్లు పరిశీలించి, కొత్తవాణ్ని నేరుగా పూర్తి పనిలో పెట్టకూడదని, మొదట తేలిక పని ఇచ్చి మెల్లగా పెంచాలని తేల్చారు. గోదావరిఖని, మంచిర్యాల సింగరేణి కుటుంబాల వాళ్లకు ఈ విషయం చప్పున అర్థమవుతుంది. గనిలో వేడి ఏంటిదో, మే నెలలో ఓపెన్‌కాస్ట్ ఏంటిదో వాళ్లు చూసినవాళ్లే. నూరేళ్ల కింద ఆ గనుల్లో నేర్చుకున్న పాఠాన్నే అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థలు ఇవాళ అంకెల్లో చెబుతున్నాయి. కొత్త కార్మికుడు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఎండలో చెయ్యాలి, ఆ తర్వాత రోజుకు ఇంకో ఐదో వంతుకు మించకుండా పెంచాలి. వాళ్ల లెక్క ఇంకొకటి కూడా వినండి. పని స్థలంలో ఎండకు చనిపోయిన వాళ్లలో దాదాపు సగం మంది పనిలో చేరిన మొదటి రోజే పోయారు. నూటికి డెబ్బై మందికి పైగా మొదటి వారంలోనే పోయారు.

మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. పోయే ముందు రెండు మూడు రాత్రులు దావతులు. చుట్టాలు, దోస్తులు, కల్లు, మందు. నిద్ర ఉండదు. తెల్లారి ఊరి నుంచి బయలుదేరి, ఎయిర్‌పోర్టులో సగం రాత్రి కూర్చుని, దిగినాక మెడికల్, బతాకా అనే గుర్తింపు కార్డు, సిమ్ము అని తిరిగి, ఆ మరుసటి రోజే సైటుకు పోతారు. ఒంట్లో నీళ్లు లేకుండా, నిద్ర లేకుండా, కొత్త ఎండలో మొదటి రోజు. పైగా కొత్తవాణ్నని ఫోర్‌మన్ దగ్గర మెప్పు పొందాలని అందరికన్నా ఎక్కువ మోస్తాడు. ఇంతకన్నా ప్రమాదకరంగా కొత్త పనిలో దిగే మార్గం నాకు తోచదు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. దావతు ఇచ్చుకోండి, కానీ ప్రయాణానికి నాలుగు రోజుల ముందే ముగించండి. ఆఖరు రెండు రాత్రులు పిల్లవాణ్ని పడుకోనివ్వండి. బయలుదేరే రోజు మందు ముట్టనివ్వకండి. వీసా కోసం ఎదురుచూస్తూ నెలల తరబడి ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న వాడైతే, పోయేముందు పది, పన్నెండు రోజులు రోజూ గంటసేపు పొద్దటి ఎండలో చెమట పట్టేదాకా పని చెయ్యమనండి. చెలకలో పనైనా సరే, వేగంగా నడకైనా సరే. అట్లా చేసి పోయిన ఒళ్లు అక్కడ తొందరగా కుదుటపడుతుంది. నెల ఎంచుకునే వీలుంటే దసరా తర్వాత, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పోవడం మేలు. జూన్, జూలైలో మొదటిసారి దిగడమంత కష్టం ఇంకొకటి లేదు.

పాతవాళ్లకు కూడా ఒక మాట. ఎండకు పడిన అలవాటు శాశ్వతం కాదు. వారం రోజులు దూరమైతే తగ్గడం మొదలవుతుంది, నెల దాటేసరికి చాలామటుకు పోతుంది. పదిహేనేళ్లుగా సౌదీలో ఉన్న మనిషి చెల్లె పెండ్లికని రెండు నెలల సెలవు మీద వచ్చి, ఇంట్లో ఉండి, జూలైలో తిరిగి పోతే, ఒంటి లెక్కలో అతను దాదాపు కొత్తవాడే. అనుభవం తలలో ఉంటుంది, ఒంట్లో ఉండదు. పాతవాణ్నన్న నమ్మకంతో మొదటి రోజే పూర్తి డ్యూటీకి దిగకండి. తిరిగి వచ్చినవాళ్లకు నాలుగు రోజుల్లో సగం పని నుంచి పూర్తి పనికి పెంచుకుంటూ పోవచ్చునని ఆ అమెరికా సంస్థల నియమమే చెబుతుంది.

ఇక ఎడారి ఎండ అంటే ఒక్క తీరుగా ఉండదు. రియాద్ లాంటి లోపలి ఊళ్లల్లో గాలి పూర్తిగా పొడి. జూన్, జూలై నెలల్లో గాలిలో తేమ పది, పదిహేను శాతానికి పడిపోతుంది. అక్కడ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, అంగీ తడవదు. "నాకు చెమటే వస్తలేదు, మంచిగనే ఉన్న" అని మనిషి మోసపోతాడు. గంటకు లీటరు దాకా నీళ్లు ఒంట్లోంచి పోతున్నా తెలియదు. పెదవులు పగులుతాయి, ముక్కులోంచి రక్తం కారుతుంది. రాత్రి పడుకునేముందు ముక్కుపుటాల్లో కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే ఊరట ఉంటుంది.

దుబాయి, అబుదాబి, దమ్మామ్, దోహా, మనామా సంగతి వేరు. ఇవి సముద్రం ఒడ్డు ఊళ్లు. ఎండాకాలంలో ఆ సముద్రపు నీళ్లే 30 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటాయి. జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఒడ్డున ఉక్క ఊపిరాడనివ్వదు. దమ్మామ్ పక్కనున్న దహ్రాన్‌లో 2003 జూలై 8న గాలిలో తేమ ఎంత నిండిందంటే, ఆ తేమకు కొలతైన మంచు బిందువు 35 డిగ్రీలుగా నమోదైంది. ప్రపంచంలో అంత తేమ కొలిచిన సందర్భాలు అరుదు. అంత తేమలో చెమట కారి కారి కింద పడుతుంది గానీ ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడేది. కాబట్టి అక్కడ థర్మామీటరు 40 చూపించినా, లోపలి ఎడారిలో 46 కన్నా ప్రమాదం ఎక్కువ కావచ్చు. ఇక కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియా ఖండంలో అది రికార్డు. ఈ లెక్కలన్నీ నీడలో కొలిచినవి. స్లాబు మీద ఎండలో కాలిన ఇనుప చువ్వ పట్టుకున్నవాడి చేతికి తెలిసే వేడి ఇంకో లెక్క.

నీళ్ల విషయం కొంచెం నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువ తప్పేది ఇక్కడే. దాహమైనప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఎండలో పని చేసేటప్పుడు ప్రతి పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. ఒకేసారి రెండు లీటర్లు గటగటా తాగడం వల్ల లాభం లేదు. గంటకు లీటరున్నర దాటకూడదు కూడా. వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగి అన్నం తినకపోతే ఒంట్లో ఉప్పు పలుచనై తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఉప్పు గోళీలు మింగాల్సిన పని లేదు. మూడు పూటలా సరిగ్గా తింటే, ఆ తిండిలో ఉప్పు చాలు. అక్కడ లబన్ అని సల్ల ప్యాకెట్లు దొరుకుతాయి. మన ఒంటికి బాగా పడతాయి. బాగా చెమట పోయిన రోజు లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకుని తాగితే సరిపోతుంది. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలకొట్టుగా కొలవాలి. రంగు రంగుల ఎనర్జీ డ్రింకులు, మధ్యాహ్నం పూట నాలుగు కప్పుల చాయ్ ఈ ఉప్పు, చక్కెర నీళ్ల స్థానం తీసుకోలేవు.

నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. మూత్రం లేత పసుపులో ఉంటే మంచిది. చిక్కటి చాయ్ రంగులోకి మారితే ఆ రోజు నీళ్లు తక్కువైనట్టే. పొద్దంతా మూత్రానికి పోవడమే లేదంటే ఇంకా చెడ్డ గుర్తు. కొంతమంది సైటులో బాత్‌రూం దూరమని, ఫోర్‌మన్ అరుస్తాడని నీళ్లు తాగకుండా బిగబట్టుకుంటారు. ఏళ్ల తరబడి అట్లా చేస్తే కిడ్నీల్లో రాళ్లు పడతాయి, కిడ్నీలే దెబ్బతింటాయి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన యువకుల్లో కిడ్నీ జబ్బులు కనిపిస్తున్నాయని నేపాల్ డాక్టర్లు ఎప్పట్నుంచో హెచ్చరిస్తున్నారు. ఇంకో విషయం గట్టిగా చెబుతున్నాను. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఒళ్లు నొప్పుల గోళీలు వేసుకోకండి. ఇక్కడి నుంచి సూట్‌కేసులో డైక్లోఫెనాక్ పట్టీలు పెట్టి పంపే తల్లిదండ్రులున్నారు. ప్రేమతోనే పెడతారు, కానీ ఎండిన ఒంట్లో ఆ గోళీ నేరుగా కిడ్నీని కొడుతుంది. బీపీకి, షుగరుకు మందులు వాడేవాళ్లు పోయేముందు తమ డాక్టరును అడిగి, ఎండ దేశంలో ఆ మందులు ఎట్లా వాడాలో రాయించుకుని పోవాలి.

ఇక గదిలో రోజు గడిచే తీరు. పోయొచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడితే పుస్తకాల్లో లేని తెలివి ఎంతో వినబడుతుంది. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకులో నీళ్లు మరిగిపోయి ఉంటాయి. పగటిపూట నల్లా తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకే గీజరు స్విచ్చి బంద్ పెట్టి, దాంట్లో నీడన నిలువ ఉన్న నీళ్లతో స్నానం చేస్తారు. మన దగ్గర నీళ్లు కాచుకునే గీజరు అక్కడ ఎండాకాలంలో నీళ్లు చల్లార్చే తొట్టి అవుతుంది. రాత్రి బకెట్లు నింపి గదిలో పెట్టుకుంటే పొద్దటికి చల్లబడతాయి. ఏసీని 18 మీద పెట్టి దుప్పటి కప్పుకుని పడుకోకండి. 25, 26 మీద పెట్టుకుంటే బయటికి పోయినప్పుడు ఒంటికి దెబ్బ తక్కువ. ఏసీలో పడుకుంటే ఎండ అలవాటు పోతుందన్నది మాత్రం అపోహ. పగలంతా కాలిన ఒళ్లు కోలుకునేది ఆ చల్లటి నిద్రలోనే. గదిలో ఏసీ చెడిపోతే అది సౌకర్యం సమస్య అనుకుని ఊరుకోకండి, ఆ రోజే క్యాంపు బాస్‌కు చెప్పి బాగు చేయించుకోండి.

తెల్లారుజామున మూడింటికి వండి డబ్బాలో పెట్టుకున్న అన్నం, కూర మధ్యాహ్నానికి ఆ వేడిలో పాసిపోతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఎండదెబ్బ దానంతట అదే వెంట వస్తుంది. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, రొట్టె, వేపుడు లాంటివి ఆగుతాయి. పప్పుచారు, గుడ్డు కూర, కలిపిన పెరుగన్నం ఆగవు. ఖుబూస్ రొట్టె చవకగా దొరుకుతుంది. దాంతో పచ్చి ఉల్లిగడ్డ, దోసకాయ, నాలుగు ఖర్జూరాలు తిన్నా పూట గడుస్తుంది.

బట్టల విషయంలో ఎడారి మనుషుల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. అంత ఎండలో వాళ్లు ఒళ్లంతా కప్పుకునే తిరుగుతారు. నల్ల అంగరఖాలు వేసుకునే బెదూ జనం ఎండకు ఎట్లా ఓర్చుకుంటారో కొందరు శాస్త్రవేత్తలు పరిశోధించి 1980లో నేచర్ పత్రికలో రాశారు. నల్లబట్ట ఎక్కువ వేడి పీల్చుకున్న మాట నిజమే. కానీ బట్ట వదులుగా ఉండడంతో ఆ వేడి చర్మం దాకా చేరకముందే గాలికి పోతుంది. రంగు కన్నా వదులుగా ఉండడమే ముఖ్యమని దాన్నిబట్టి తేలింది. కంపెనీ ఇచ్చిన యూనిఫాం లోపల బిగుతు నైలాన్ బనీన్లు వద్దు, నూలు బనీను వేసుకోండి. హెల్మెట్ కింద తడిపిన రుమాలు మెడ మీదికి వేలాడేట్టు కట్టుకోండి. మన తాతల నెత్తి రుమాలుకు అక్కడ కూడా పని ఉంది. సేఫ్టీ బూట్లలో నూలు సాక్సులు రోజూ మార్చుకోండి. చెమటకు తొడల్లో, వేళ్ల సందుల్లో తామర పట్టుకుంటే నెలల తరబడి వదలదు.

మధ్యాహ్నపు ఎండ నుంచి కాపాడే చట్టాలు ఆ దేశాల్లో ఉన్నాయి. ఇవి మీ హక్కు, కంపెనీ దయ కాదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని నిషేధం. సౌదీలో అవే తేదీలు, 12 నుంచి 3 వరకు. కువైట్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు. ఖతార్ 2021లో నియమాన్ని ఇంకా గట్టి చేసింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు పని ఆపాలి. ఏడాదిలో ఏ రోజైనా వేడి, తేమ, గాలి, ఎండ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే వెంటనే ఆపాలి. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికన్నా తెలివైన చట్టం. గడియారం చూసి కాకుండా గాలిని కొలిచి పని ఆపమంటుంది. మన రాష్ట్రంలో మేస్త్రీ పనికి, ఇటుక బట్టీలకు కూడా అట్లాంటి నియమం రావాలని కోరుకుంటాను.

చట్టం ఉన్నా మన వాళ్లు ఆ విరామంలోనూ చాటున పని చేస్తుంటారు. కారణం మనకు తెలిసిందే, అప్పు. వీసాకు తెచ్చిన అప్పు మీద మిత్తి పెరుగుతుంటే, ఓవర్‌టైం అన్నప్పుడు ఒద్దనడానికి నోరు రాదు. ఆజాద్ వీసా మీద పోయి రోజుకూలీకి తిరిగేవాళ్ల సంగతి ఇంకా అధ్వానం. కాపాడే కంపెనీయే ఉండదు. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్లకు, మజరా అనే తోటల్లో పని చేసేవాళ్లకు ఈ విరామం గురించి చెప్పేవాళ్లే ఉండరు. వాళ్లు తమ వేళలు తామే చూసుకోవాలి. పొద్దున పది లోపల, సాయంత్రం నాలుగు తర్వాతే మందను తిప్పాలి. ట్యాంకరు నీళ్లు రాని రోజు కోసం రెండు రోజుల నీళ్లు విడిగా దాచుకోవాలి. ఆగి ఉన్న బండిలో అద్దాలు మూసి నిద్రపోకూడదు.

చలి సంగతి కూడా ఒక మాట. ఎడారి అంటే ఎండే అనుకుని ఒక్క దుప్పటి కూడా లేకుండా పోతారు. డిసెంబర్, జనవరిలో సౌదీ ఉత్తరాన, కువైట్ ఎడారిలో రాత్రిళ్లు ఆదిలాబాద్ చలి గుర్తొస్తుంది. ఒక స్వెటరు, ఒక మందపాటి చద్దరు పెట్టుకోండి. గుడారంలోనో, మూసిన గదిలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని మాత్రం పడుకోకండి. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వడదెబ్బ గుర్తులు ఇంట్లో ఉన్నవాళ్లు కూడా తెలుసుకోవాలి. మొదట కాళ్ల పిక్కలు పట్టేస్తాయి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలవుతాయి. అప్పుడే నీడకు చేరి, బట్టలు వదులు చేసుకుని, మెల్లగా నీళ్లు తాగాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, తూలుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది అంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టు. పారాసిటమాల్ ఈ జ్వరానికి పని చెయ్యదు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా వెంటనే ఒళ్లంతా నీళ్లతో తడపాలి, గాలి విసరాలి, మెడకు, చంకలకు, గజ్జలకు ఐసు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. అంబులెన్సుకు యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతార్‌లో 999. పానం బాగలేదని అరబ్బీలో చెప్పాలంటే "అనా తాబాన్" అంటే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. యూఏఈలో ఉన్నవాళ్లు ఏ కష్టం వచ్చినా భారత ప్రభుత్వపు ప్రవాసీ సహాయ కేంద్రానికి 80046342 నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చెయ్యవచ్చు.

బాధ కలిగించే విషయమే అయినా ఇంకొకటి చెప్పక తప్పదు. ఎండకు పడిపోయి చనిపోయినవాళ్ల కాగితాల మీద తరచుగా గుండె ఆగి మరణం అనో, సహజ మరణం అనో రాస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రావాల్సిన పది లక్షలు ప్రమాద మరణానికే వర్తిస్తాయి. ముప్పై ఏళ్లు దాటని మనిషి జూలై నెలలో స్లాబు మీద కూలిపోతే అది సహజం ఎట్లా అవుతుంది? ఇక్కడ కుటుంబం తరఫున అడిగేవాళ్లుండాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి ఐదు లక్షల సాయం ఇవ్వాలని మన తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. దానికి జిల్లా కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రంలో కారణం సరిగ్గా రాయించే బాధ్యతను రాయబార కార్యాలయాలు కూడా తీసుకోవాలి.

ఇంటి దగ్గర ఫోను కోసం కూర్చునే అక్కలకు, తల్లులకు ఒక మాట. బీడీలు చుట్టుకుంటూ, పిల్లల్ని సాకుకుంటూ మీరు పడే కష్టం చిన్నది కాదు. ఫోను రాగానే "తిన్నవా, పైసలెప్పుడు పంపుతవ్" అని అడుగుతాం. దానికి ముందు ఇంకో రెండు మాటలు అడగండి. నీళ్లు ఎన్నిసార్లు తాగినవు, మూత్రం ఏ రంగుల వస్తుంది అని. మొదటి నెల అప్పు మాట ఎత్తకండి. ఆ మొదటి జీతం కోసం తొందరపెడితే అతను మధ్యాహ్నం కూడా పనిలో దిగుతాడు.

ఆఖరుగా, ఏళ్ల తరబడి అక్కడ ఉన్న అన్నలకు నా విన్నపం. ఈ మాటలు మీ ఊరివాళ్లు ఫోనులో వినిపిస్తారేమో అని చెబుతున్నాను. మీ గదిలోకి కొత్తగా ఒక తమ్ముడు వస్తే, ఏ ఊరివాడైనా సరే, మొదటి పద్నాలుగు రోజులు మీ కంటిముందే ఉంచుకోండి. ఫోర్‌మన్‌కు చెప్పి నీడలో పని ఇప్పించండి. పావుగంటకోసారి వాడి చేతికి నీళ్ల సీసా ఇవ్వండి. మాట తడబడితే పని ఆపించి పక్కకు తీసుకుపోండి. ఒంటరిగా ఎండలోకి పంపకండి.